నాపరాళ్ల దారిలో బండి గొలుసు

కర్నూలు నుంచి గండికోటకు సాగే దారి మూడు రకాల నేలల మీదుగా పోతుంది. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి మందిరపు గుమ్మటాలను వెనుక వదిలి ఓర్వకల్లు రాతిగుట్టలను దాటేదాకా ఎర్రమట్టి, గరుసు. పాణ్యం వద్ద దక్షిణానికి మళ్లితే కుందూ లోయలోని నల్లరేగడి. బనగానపల్లె తర్వాత అవుకు, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు దాకా నాపరాళ్ల నేల. మొత్తం 150 కిలోమీటర్లకు పైగా ఉండే ఈ ప్రయాణంలో బస్సెక్కినవారికి ఈ మూడు నేలలు కిటికీ అవతల మారే మూడు రంగులు మాత్రమే. మోటారు సైకిలు మీద పోయేవారి సంగతి వేరు. ఎర్రమట్టి దుమ్మై లేస్తుంది, రేగడి బురదై అంటుకుంటుంది, నాపరాతి పొడి పిండిలా పరచుకుంటుంది. మూడూ చివరకు చేరేది ఒక్క చోటికే. అది వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు. మన నోట ‘చైను’గా స్థిరపడిన ఆ వస్తువును గురించే ఈ నాలుగు మాటలు.

షవ్వాల్ నెలలో మదరసాల విద్యా సంవత్సరం మొదలవుతుంది. ఆ రోజుల్లో ఉపాధ్యాయులం పల్లెలు తిరిగి, చదువు మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి వస్తుంటాం. బస్సులు పోని గ్రామాలు చాలా ఉన్నాయి కనుక మోటారు సైకిలు తప్పదు. అటువంటి ఒక పర్యటనలో నేనూ, మా మదరసాలోనే బోధించే ఒక యువ ఉపాధ్యాయుడూ 100 సీసీ బండి మీద ఈ దారిన బయలుదేరాము. ఫజ్ర్ నమాజు ముగించుకొని, ప్రయాణపు దుఆ చదువుకొని కర్నూలు దాటేసరికి తూర్పు ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

నవాబుల ఊరు

బనగానపల్లె పేరు వినగానే ఎవరికైనా మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మేము వెళ్లింది పండ్ల కాలం. దారి పక్కన గంపలు, గంపల మీద కప్పిన గడ్డి, ఆ గడ్డి కింద నుంచి వచ్చే తీపి వాసన. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమయ్యేదాకా ఇది నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. వారి బంగళా ఊరి వెలుపల నేటికీ ఒంటరిగా నిలిచి ఉన్నది.

అయితే ఈ ప్రాంతపు బ్రతుకుతెరువు మామిడితో ముగియదు. ఇక్కడి నేలను కొద్దిగా తవ్వితే పలకలు పలకలుగా లేచే సున్నపురాయి దొరుకుతుంది. దానినే నాపరాయి అంటారు. రాయలసీమలో నాపరాయి పరవని పాత ఇల్లు అరుదు. మా మదరసా వరండాలో పిల్లలు వరుసగా కూర్చొని పాఠం వల్లించేది కూడా ఈ రాతి మీదే. గనులలో పలకలు తీయడం, కోత యంత్రాల మీద చదరాలుగా కోయడం, నునుపు చేయడం వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్న పని. ఆ కోతలో రాలిన తెల్లని పొడి దారుల వెంట, చెట్ల ఆకుల మీద, ఇంటి కప్పుల మీద పేరుకొని ఉంటుంది. లారీ ఒకటి ఎదురొస్తే చాలు, కాసేపు దారి కనిపించదు.

వాన వెలిసిన తర్వాత

అవుకు జలాశయం దాటుతుండగా వేసవి వాన ఒకటి వచ్చింది. అరగంట కురిసి వెలిసింది. తడిసిన రేగడి దారిలో ఒక పల్లెకు వెళ్లి, అక్కడి పని ముగించుకొని మళ్లీ తారు రోడ్డెక్కేసరికి బండి కింద నుంచి కొత్త చప్పుడు మొదలైంది. కిర్రు కిర్రుమని, చక్రం తిరిగే వేగానికి తగినట్లు. వాన గొలుసు మీది నూనెను కడిగివేసింది, రేగడి ఆ ఖాళీలో చేరింది, దాని మీద నాపరాతి పొడి అద్దింది. ఆ చప్పుడును విననట్లు పోవడానికి మనసు ఒప్పలేదు. కొలిమిగుండ్లలో ఒక మెకానిక్ అంగడి ముందు బండిని ఆపాము.

ఆయన నాకంటే అయిదారేళ్లు చిన్నవాడై ఉంటాడు. నూర్‌బాషా కుటుంబీకుడు, ఇంటి భాష తెలుగే. సలాము చేసి, బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి మొదట చేసిన పని నన్ను ఆశ్చర్యపరిచింది. తాళం చెవి తీసి తన చొక్కా జేబులో వేసుకొని, బొత్తాం పెట్టుకున్నాడు. ఆ తర్వాతనే చైన్ కవర్ బోల్టులు విప్పాడు. లోపల గొలుసు మీద బూడిదరంగు జిడ్డు పూతలా పట్టి ఉన్నది. దానిని వేలికి రాసుకొని నాకు చూపించి, “ఇది నూనె కాదు హజరత్, సానపట్టే మందు” అన్నాడు.

గొలుసు లోపలి లెక్క

ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే గొలుసు నిర్మాణం తెలియాలి. పైకి అది ఇనుప లంకెల వరుసగా కనిపిస్తుంది. నిజానికి ప్రతి లంకెలోనూ ఒక పిన్ను, ఆ పిన్నును చుట్టి ఒక బుష్షు, దాని మీద తిరిగే ఒక రోలరు, వాటిని పట్టి ఉంచే పలకలు ఉంటాయి. ఈ బుష్షు, రోలరు గల గొలుసును 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. అంతకు చాలా ముందే, 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో కుండల గొలుసుతో నీటిని పైకి తోడే సాధనాలను బొమ్మలతో సహా వివరించాడు. లాగడానికి, ఎత్తడానికి గొలుసును వాడుకోవడం మానవునికి పాత విద్యే. అయితే పళ్లచక్రాల మీద వేగంగా పరుగెత్తుతూ అరగకుండా నిలవడం ఈ చిన్న బుష్షు వలన సాధ్యమైంది.

అరుగుదల అంతా ఆ పిన్నుకూ బుష్షుకూ నడుమనే జరుగుతుంది. అది కంటికి కనపడని చోటు. మనబోటి బండిలో గొలుసుకు సుమారు 110 లంకెలు, ఒక్కొక్క లంకె అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. బండి ఒక్క కిలోమీటరు నడిస్తే గొలుసు దాదాపు 200 సార్లు చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ప్రతి లంకె ముందు పళ్లచక్రం ఎక్కుతూ, దిగుతూ, మళ్లీ వెనుకచక్రం ఎక్కుతూ, దిగుతూ నాలుగుసార్లు వంగి నిలుస్తుంది. 150 కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్కొక్క పిన్ను తన బుష్షులో లక్షా ఇరవై వేల సార్లు ఒరుసుకుంటుందన్నమాట. నడుమ నూనె పొర ఉంటే అది జారుతుంది. నూనెలో ఇసుక కలిస్తే అది కోస్తుంది.

ఒక్కొక్క పిన్ను వద్ద పావు మిల్లీమీటరు అరిగిందనుకుందాం. అది గోరుకు కూడా తెలియనంత తక్కువ. కానీ 110 లంకెలకు కలిపి గొలుసు 27 మిల్లీమీటర్లకు పైగా సాగిపోతుంది. అంటే రెండు లంకెలంత పొడవు. అంతటితో ఆ గొలుసు పని అయిపోయినట్లే. సాగిన గొలుసు పళ్లచక్రం మీద సరిగా కూర్చోదు. పళ్లను కొక్కేల్లా వంచివేస్తుంది. ఒకనాడు పళ్ల మీదుగా ఎగిరి, కిందపడి, చక్రానికి చిక్కుకుంటే పరుగెత్తుతున్న బండి ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. వెనుక కూర్చున్న భార్య, ముందు టాంకు మీద కూర్చున్న పసిబిడ్డ ఏమవుతారో చెప్పనక్కరలేదు.

కొలిమిగుండ్ల మండలంలోనే బెలుం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అంత రాతిని తొలిచింది ఏ గునపమూ కాదు, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోయిన నీరు. ఆ గుహలున్న నేల మీద నిలబడి ఆ బూడిదరంగు జిడ్డును చూసినప్పుడు, కనపడని చోట ఎడతెగక జరిగే చిన్న పనికి ఎంతటి బలముందో వేరే ఉదాహరణ అవసరం లేకపోయింది.

ఒక వేలి కథ

మెకానిక్ కిరోసిన్‌లో ముంచిన కుంచెతో గొలుసును తోముతున్నాడు. అప్పుడు గమనించాను. ఆయన కుడిచేతి చూపుడు వేలికి పై కణుపు లేదు. నా చూపు ఎటున్నదో గ్రహించి ఆయనే చెప్పాడు. పన్నెండేళ్ల వయసులో ఒక అంగడిలో పనికి చేరాడట. అక్కడి పెద్దపనివాడు తొందరగా అవుతుందని బండిని స్టాండు మీద ఉంచి, ఇంజను నడుపుతూ, గేరు వేసి, తిరుగుతున్న గొలుసుకు గుడ్డ పట్టుకోమనేవాడట. ఒకరోజు గుడ్డ అంచు లంకెలో చిక్కుకున్నది. గుడ్డతో పాటు వేలు పళ్లచక్రంలోకి పోయింది.

“రెప్ప కొట్టేంతసేపు కూడా పట్టల్యా హజరత్. నొప్పి తర్వాత తెలిసింది. అప్పుడు నేను పొద్దుగూకినాక మక్తబుకు పోతాంటి. ఈ వేలే పెట్టి అచ్చరాలు సూపిచ్చుకుంటా సదువుకునేవాన్ని. ఆ తర్వాత నడిమేలు అలవాటు చేసుకుంటి. ఇప్పటికీ నడిమేలే.”

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆయన అంగడిలో పదిహేను, పదహారేళ్ల కుర్రవాడొకడు పని నేర్చుకుంటున్నాడు. వాని వైపు చూసి, “వీనికి నేను చెప్పిన మొదటి పాఠం ఒగటే. చైను ముట్టుకునే ముందు బీగంచెవి జేబులో ఉండల్ల. చక్రం చేత్తోనే తిప్పల్ల. గిరాకి ఎంత తొందరపెట్టినా సరే” అన్నాడు. చొక్కా జేబుకు బొత్తాం ఎందుకు పెట్టాడో నాకు అప్పుడు అర్థమైంది.

మన ఇళ్లలో ఎందరో పిల్లలు ఇటువంటి అంగళ్లలో పని నేర్చుకుంటున్నారు. పాఠశాల వదలి కొందరు, సెలవుల్లో కొందరు. పిల్లవాణ్ణి పనిలో చేర్చే తండ్రి జీతమెంతని అడుగుతాడు. నడుస్తున్న ఇంజను మీద గొలుసు తుడిపిస్తారా అని కూడా అడగడం అవసరం. చూపుడు వేలి విలువ ఏ జీతంలోనూ కట్టి రాదు.

శుభ్రం చేసే తీరు

ఆయన చేతిపనిని దగ్గరగా చూసి, అడిగి తెలుసుకున్న క్రమమిది. ఇంటి వద్ద ఎవరైనా చేసుకోదగినదే.

బండిని సమతలం మీద పెద్ద స్టాండు వేసి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచాలి. తాళం చెవి తీసివేయాలి. చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి. పాత టూత్‌బ్రష్షు గాని, మెత్తని కుంచె గాని కిరోసిన్‌లో ముంచి గొలుసుకు నాలుగు వైపులా, ముఖ్యంగా పళ్లచక్రాన్ని తాకే లోపలి వైపు తోమాలి. కిరోసిన్ దొరకనిచోట అంగళ్లలో అమ్మే చైన్ క్లీనర్ వాడవచ్చు. పెట్రోలు మాత్రం వద్దు. అది నిప్పుకు దగ్గరి చుట్టం. పైగా కొన్ని కొత్త బండ్ల గొలుసులకు లంకెల నడుమ సన్నని రబ్బరు రింగులుంటాయి, పెట్రోలు వాటిని పాడుచేస్తుంది. ఇనుప తీగల బ్రష్షు కూడా ఆ రింగులకు శత్రువే.

మురికి వదిలిన తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. మురికి మీదనే కొత్త నూనె పోయడం కంటే పోయకపోవడం మేలు. ఆ పైన 90 నంబరు గేర్ ఆయిల్‌ను గాని, చైను కోసమే అమ్మే స్ప్రేను గాని గొలుసు కింది వరుసలో లోపలి వైపున పలకల సందుల మీద చుక్కలు చుక్కలుగా వేయాలి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ గొలుసు పూర్తిగా చుట్టి వచ్చేదాకా వేయాలి. లోపలి వైపే ఎందుకంటే, గొలుసు వేగంగా తిరిగేటప్పుడు నూనె బయటి వైపుకు నెట్టబడుతుంది. లోపల వేసినది లంకెల గుండా ప్రయాణిస్తుంది, బయట వేసినది గాలిలో కలుస్తుంది. చివరకు పైన మిగిలిన నూనెను గుడ్డతో తుడిచివేయాలి. పైపూత దుమ్మును పిలుస్తుంది, పని చేసేది లోపలి చుక్కే. టైరు మీద, బ్రేకు మీద నూనె పడకుండా చూసుకోవాలి.

ఈ పనికి అనువైన వేళ ప్రయాణం నుంచి తిరిగివచ్చిన సాయంత్రం. గొలుసు గోరువెచ్చగా ఉంటుంది కనుక నూనె సులభంగా లోపలికి దిగుతుంది, రాత్రంతా నిలదొక్కుకుంటుంది. చాలామంది ఇంజనులో నుంచి తీసిన నల్లనూనెను గొలుసుకు పోస్తారు. అందులో ఇంజను అరుగుదల తాలూకు లోహపు నలుసులుంటాయి. గ్రీజు పూసినా ప్రయోజనం తక్కువే. అది చిక్కగా ఉండి పిన్ను దాకా చేరదు, దుమ్మును మాత్రం పట్టి ఉంచుతుంది.

తర్వాత బిగువు చూడాలి. కింది వరుస నడుమ వేలితో పైకి కిందికి కదిపితే చాలా 100 సీసీ బండ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. మీ బండి పుస్తకంలో ఎంతని ఉంటే అదే ప్రమాణం. గొలుసు అంతటా ఒకేలా అరగదు కాబట్టి చక్రాన్ని తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి. మరీ వదులైతే జారిపడుతుంది. మరీ బిగువైతే గుంతల్లో చక్రం పైకి లేచినప్పుడు లాగి పట్టి బేరింగులను చెడగొడుతుంది. బిగించేటప్పుడు చక్రానికి రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉండాలి. గొలుసు కొనలను కలిపే లాకు క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు ముందుకు సాగే దిక్కుకు ఉండాలి, తెరిచిన కొన వెనుకకు.

వెనుక పళ్లచక్రం చివర గొలుసును వేళ్లతో వెనక్కి లాగినప్పుడు అది పన్నులో సగానికి పైగా కనిపించేటట్లు లేస్తే, లేదా పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే, ఇక మార్చవలసిందే. అప్పుడు గొలుసునూ రెండు పళ్లచక్రాలనూ కలిపే మార్చాలి. అరిగిన పళ్లు కొత్త గొలుసును కొద్ది కాలంలోనే పాతది చేస్తాయి.

పని ముగిశాక చేతుల సంగతి. మందంగా పేరుకున్న గ్రీజు చర్మానికి నీరు తగలనీయదు కనుక వుజూకు ముందు దానిని తొలగించుకోవాలని ఫిఖహ్ పాఠంలో చెబుతుంటాము. రంపపు పొట్టు, సబ్బుపొడి కలిపి రుద్దితే వదులుతుందని మెకానిక్ చూపించాడు. మురికి కిరోసిన్‌ను మాత్రం ఆయన కాలువలో పోయలేదు. ఒక డబ్బాలో నిలువ చేసి ఉంచాడు. ఊరి నీటి మీద ఆ శ్రద్ధ నాకు నచ్చింది.

కొంగు, చున్నీ, బురఖా

మేము అక్కడ ఉండగానే ఒక యువకుడు భార్యతో వచ్చాడు. బండి అందంగా కనపడాలని చైన్ కవర్, పక్కనున్న చీర గార్డు రెండూ తీయించివేశాడు. ఆమె బురఖా అంచు గొలుసుకు జానెడు దూరంలో ఊగుతున్నది. మెకానిక్ టైరులో గాలి నింపి, డబ్బులు తీసుకోకుండా, “తమ్ముడూ, ముందు ఆ గార్డు తగిలిచ్చుకో, ఆ తర్వాత ఇయ్యి డబ్బులు” అన్నాడు. యువకుడు నవ్వి ఊరుకోబోయాడు గాని, ఆయన వేలిని చూసి నవ్వు ఆపాడు. పాత గార్డు ఒకటి అంగడిలోనే దొరికింది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ఈ విషయాన్నే చెబుతున్నది. వెనుక కూర్చునేవారి బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం మేర కప్పే రక్షణ ఉండాలి, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి. మన దేశపు బండ్లకు గొలుసును పూర్తిగా మూసే కవరు రావడం చీరకూ, దుమ్ముకూ రెండింటికీ రక్షణే. దానిలో ఒక చిక్కు కూడా ఉన్నది. కప్పి ఉన్నది కనుక గొలుసు గుర్తుకు రాదు. అందుకే ఆ కవరుకు ఉండే చిన్న రబ్బరు మూతను అప్పుడప్పుడు తీసి లోపలికి చూడాలి. వెనుక కూర్చునే సోదరీమణులు కొంగును, చున్నీని, బురఖా అంచును ఒడిలోకి తీసుకున్న తర్వాతనే బండి కదలాలి.

పెన్న గండి వద్ద

అసర్ తర్వాత జమ్మలమడుగు దాటి గండికోట చేరాము. బండి చప్పుడు లేకుండా సాగింది. ఎర్రమల కొండలను నిలువునా చీల్చుకుంటూ పెన్న ప్రవహించే ఆ లోయను చూడడానికి దూరదూరాల నుంచి జనం వస్తారు. కోటలో జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, మరోవైపు మాధవరాయ, రంగనాథ ఆలయాలు నిలిచి ఉన్నాయి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను గెలుచుకున్న కాలంలో, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి ఆయనను కలుసుకున్నాడు. ఏనుగులు, గుర్రాలు, ఫిరంగి బండ్లు ఎక్కిన దారి అది. ఇరుసులకు కొవ్వు పూసి, గుర్రాలకు నాడాలు చూసి, మోకులను మార్చిన పేరు తెలియని పనివారు లేకుంటే ఏ సేనా ఈ కొండ ఎక్కి ఉండేది కాదు. చరిత్రలో సేనాని పేరు ఉంటుంది. ప్రయాణం మాత్రం పనివాని శ్రద్ధ మీదనే సాగుతుంది.

తిరిగి వచ్చిన తర్వాత మదరసాలో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాము. జుమా రోజు ఉదయం పిల్లలు గోళ్లు తీసుకొని, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుంటారు. ఆ ఉదయమే మదరసా బండి గొలుసును కూడా చూస్తారు. దుమ్ము తుడవడం, బిగువు కొలవడం ప్రతి వారం. నూనె వేయడం 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసిన ప్రతిసారీ. నేర్చుకునే పిల్లలు వరుసలో కూర్చుంటారు, తాళం చెవి ఉపాధ్యాయుని జేబులో ఉంటుంది.

పాఠకులు కూడా తమకు గుర్తుండే రోజు ఒకటి పెట్టుకోవచ్చు. అరగంట సమయం, పాత బ్రష్షు ఒకటి, గుక్కెడు కిరోసిన్, నాలుగు చెంచాల నూనె చాలు. ఇంటిల్లిపాదినీ మోసుకుపోయే బండి అది. దాని గొలుసు అడిగేది అంతే.